అంచున మూడు పోగులు

సంపత్‌కు కోపం రావడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. జగిత్యాల టవర్ సర్కిల్‌లో ఒకే స్తంభానికి కోచింగ్ సెంటర్ బోర్డు, దాని మీద మొలల వైద్యుడి బోర్డు, ఆ రెంటినీ కప్పేస్తూ ఎవరో చోటా నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కనబడితే చాలు, ఒళ్లు మండిపోయేది. మొలల వైద్యుడి ఫోన్ నంబరు సరిగ్గా నాయకుడి మీసాల కింద తేలిందనుకోండి, ఇక ఆ పూట అన్నం సయించేది కాదు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవాలి. చెప్పుకోవడానికే బ్లాగు పెట్టుకున్నాడు.

పగలు సబ్బుల కంపెనీ సేల్స్‌మన్, సాయంత్రం నెట్ సెంటర్లో రచయిత. బ్లాగు పేరు 'బజారు చూపు'. రాసేది 'బేరగాడు' అనే మారుపేరుతో. సొంత పేరు పెడితే కంపెనీలో ఊరుకోరని భయం. మూడేళ్లుగా రాస్తున్నాడు. మార్కెటింగ్ అంటే ఏమిటో జనానికి నేర్పాలని అతని ఆరాటం, నేర్చుకునే తీరిక జనానికి ఎక్కడిది? రెండు గంటలు కూర్చుని అక్షరం అక్షరం ఏరి టైపు చేస్తే, కింద ఇద్దరు 'బాగుంది అన్నా' అని పెట్టేవారు. ఆ ఇద్దరిలో ఒకడు నెట్ సెంటర్ ఓనరే.

అసలే ఇలా ఉంటే రెండు వేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చిపడింది. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు, బడులకు తాళాలు పడ్డాయి, బొగ్గు బాయిల్లో పని ఆగి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పేవాడు లేడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, సంపత్ సమ్మెకు వ్యతిరేకి కాదు. మెడలో కండువా వేసుకుని ర్యాలీల్లో గొంతు పోయేలా అరిచినవాడే. కానీ పోస్టు సగం టైపు చేశాక కరెంటు పోతే ఎవరిని తిట్టాలో తెలియక తననే తిట్టుకునేవాడు. దానికి తోడు సమ్మె మొదలైన నెలకు హైదరాబాదు నుంచి మేనేజరు ఫోను, "సమ్మె అయితే జనం స్నానాలు మానేస్తారా సంపత్?" అని. ఆ మాటకు సరే సార్ అన్నాడు.

అలా సరే సార్ అన్న మర్నాడే బండి మీద కోరుట్ల వెళ్లాడు. అక్కడ బట్టల కొట్టు రాజన్న అతనికి పాత స్నేహితుడు. సంపత్ కొట్లో అడుగు పెట్టగానే రాజన్న షట్టరు సగం కిందికి లాగేశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందే రాజన్నా?"

"నా కొంప మునిగింది సంపత్. గిటు చూడు."

ర్యాలీలకని రాజన్న హైదరాబాదులో అచ్చువేసేవాడికి జై తెలంగాణ కండువాలు ఆర్డరిచ్చాడు. కట్ట విప్పితే పైనున్నవన్నీ అవే. అడుగున ఓ పాతిక మాత్రం వేరు. వాటి మీద 'జై సమైక్యాంధ్ర' అని ఇంతింత అక్షరాలు! ఆ మహానుభావుడు రెండు వైపుల సరుకూ ఒకే గదిలో అచ్చేస్తూ కట్టలు కలిపేశాడు.

"ఎవలన్న జూస్తే నన్ను ఇడిసిపెడ్తరా? గిప్పుడే పొయ్యిల వెడుత."

సంపత్‌కు మాత్రం పండగే అయింది. పోస్టు దొరికింది! "పొయ్యిల వెట్టు గని, నాకొక్కటియ్యరాదే" అన్నాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా?"

"నీ పేరు ఎక్కడ రానియ్య. నీ దుకాణం పేరు రానియ్య. సరేనా?"

రూముకొచ్చి రెండు రకాల కండువాలనూ మంచం మీద పక్కపక్కన పరిచి ఫోటో తీశాడు. బట్ట సిరిసిల్లదని చేత్తో తాకగానే తెలిసిపోయింది. సాంచాల ఇంట్లో పుట్టినవాడికి ఆ మాత్రం తెలియదా? సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సంపత్ తండ్రి రాజలింగానికి బి.వై. నగర్‌లో ఎనిమిది సాంచాలున్నాయి. సేటు నూలు ఇస్తాడు, సాంచాలున్న ఆసామి దాన్ని పనివాళ్లతో నేయించి తెల్ల బట్ట తానులుగా తిరిగి పంపుతాడు. ఆ తెల్ల బట్ట ఏ ఊరు పోయి ఏ రంగు పులుముకుంటుందో ఎవరికీ తెలియదు, ఎవరికీ పట్టదు. ఇదంతా సంపత్‌కు బాగా తెలుసు.

తెలిసింది తెలిసినట్టు రాసి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. పోస్టుకు 'రెండు మెడలకూ ఒకటే సాంచ' అని పేరు పెట్టాడు. అంతా కుదిరింది కానీ చప్పగా ఉంది. ఒక మనిషి కావాలి, ఆ మనిషి నోట ఒక మాట కావాలి. సరుకు అమ్మాలంటే ముందు కథ అమ్మాలని మూడేళ్లుగా అందరికీ పాఠం చెబుతున్నవాడాయె! కూర్చున్న చోటే ఒక ఆసామిని పుట్టించాడు. 'పేరు రాయొద్దన్న ఒక సిరిసిల్ల ఆసామిని అడిగాను' అని మొదలుపెట్టి, ఆయన నోట ఇలా పలికించాడు: "సాంచకు ఆంధ్ర ఏంది, తెలంగాణ ఏంది సార్? గిరాకి ఉన్నోడే నా దేవుడు. పొద్దంత దీక్ష టెంటుల కూసుంట, ఇంటికి వోయి గీ బట్ట నేయిస్త." రాసింది రెండుసార్లు చదువుకుని తన తెలివికి తానే మురిసిపోయాడు.

మర్నాటికి కామెంట్లు నూట అరవై. మూడో రోజుకు నాలుగు వందలు దాటాయి. సంపత్ కాళ్లు నేల మీద నిలవలేదు. నెట్ సెంటర్లో ఉన్నవాళ్లందరికీ చాయ్ చెప్పాడు. కామెంట్ల నిండా తిట్లే, 'ద్రోహి', 'వీణ్ని పట్టుకుని కాళ్లు విరగ్గొట్టాలి' అని. తిట్టనీ, ఆ తిట్లు తగలడానికి అక్కడ మనిషి ఎవడున్నాడు గనక, అనుకున్నాడు.

ఐదో రోజు పొద్దున తల్లి గంగవ్వ ఫోను చేసింది. ఎప్పుడూ తిన్నావా అని మొదలుపెట్టే మనిషి, ఆ రోజు ఆ మాటే అడగలేదు.

"కొడుకా, మీ బాపు రెండొద్దుల సంది ముద్ద ముట్టలే. ఎవడో కంప్యూటర్ల రాసిండట, బాపు ఏందేందో అన్నడని. గా కాయితం దెచ్చి టెంటుల అంటువెట్టిండ్రు. మన బట్ట ఫోటో గూడ ఉన్నదట."

"మన బట్టనా?" సంపత్ ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. "మన బట్టని ఎట్ల చెప్తరే అవ్వా?"

"ఎట్ల చెప్తరేందిరా! అంచుకు పోగులు లేవా? రెండు పచ్చయి, నడుమ ఎర్రది. మీ తాత వెట్టిన గుర్తు. సిరిసిల్లల ఎవల్నడిగినా చెప్తరు రాజలింగం తాను అని." గంగవ్వ ఏడుపు ఆపుకుంటోంది. "మన సాంచాలు బందు వెట్టిపిచ్చిండ్రు. మనకు ఎవలు నూలు ఇయ్యద్దని ఇయ్యాల మాపటికి సంఘం తీర్మానం జేస్తదట. నువ్వు గా కంప్యూటర్లనే రాస్తవ్ గద కొడుకా. గా రాసినోడెవడో జెర దెలుసుకో. వాని కాళ్లు మొక్కుత, రాజలింగం గా మాట అన్లేదని రాయమను."

సంపత్ ఫోను పెట్టేసి ఆ సమైక్యాంధ్ర కండువా తీసి చూశాడు. అంచున రెండు పచ్చ పోగులు, నడుమ ఎర్ర పోగు. ఫోటోలో కూడా ఉన్నాయి, కళ్లలో పొడుస్తున్నట్టు. దేవుడా! నేతగాడు బట్ట చేతికిస్తే ముందు అంచు చూస్తాడు. తాను అక్షరాల సైజు చూశాడు, రంగులు చూశాడు, ఫోటోలో వెలుతురు ఎటునుంచి పడుతోందో చూశాడు. ఇంటి గుర్తు మాత్రం చూడలేదు. బాపు నోట్లో తాను ఆ మాట కుక్కాడు, ఇప్పుడు ఊరంతా అది బాపు మాటే అంటోంది.

నెట్ సెంటర్‌కు పరిగెత్తి పోస్టు తీసేశాడు. తీసేస్తే ఏమవుతుంది, కాగితం టెంటులో ఉందిగా? బండి తీసి సిరిసిల్ల దారి పట్టాడు. వేములవాడ దగ్గర సమ్మెవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండి ఆపి, విస్తరి వేసి కూర్చోబెట్టారు. వడ్డిస్తున్న పెద్దమనిషి ఊరికే ఉండక, "సిరిసిల్లల ఒక ఆసామి గిట్లన్నడట, ఎర్కేనా? అసొంటోనికి ఈ మెతుకు గూడ పుట్టద్దు" అన్నాడు. సంపత్ సగం అన్నం వదిలేసి లేచిపోయాడు.

సిరిసిల్లలో దీక్ష టెంటు దగ్గరకు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఓ వందమంది దాకా ఉన్నారు. రాజలింగం మధ్యలో చాప మీద తలవంచుకుని కూర్చున్నాడు. ఎదురుగా నేత సంఘం పెద్ద బుచ్చయ్య, రాజలింగానికి వరసకు బావ, ఊగిపోతున్నాడు. గుడారం గుంజకు ఆ కాగితం అంటించి ఉంది.

"తెల్ల బట్ట ఎటు వోతదో నీకెర్క లేదంటే నమ్ముతం బావా. మా బట్ట గూడ గట్లనే వోతది. లొల్లి బట్టకు గాదు, గీ మాటకు! టెంటుల కూసుంట, ఇంటికి వోయి నేయిస్త అని ఎట్లంటివి? పదకొండుసార్లు దీక్షల కూసుంటివి. ఊర్లె ఎవ్వడు గన్నిసార్లు కూసోలే. నీకు దండలేసిన చేతులు ఇవి!"

సంపత్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. ఉద్యోగం పోతుందని తెలుసు, తంతారనీ తెలుసు. బాపు తల అలా వంగి ఉండటం చూశాక అవేవీ గుర్తు రాలేదు.

"గా మాట బాపు అన్లే. ఎవ్వలు అన్లే. గా బేరగాన్ని నేనే. నేనే రాసిన, ఉత్తదే రాసిన. నలుగురు సదువుతరని కల్పించిన. బట్ట మనదని గూడ చూస్కోలే."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాగానే బుచ్చయ్య చెయ్యి లేచింది. చెంప ఛెళ్లుమంది.

"కన్నతండ్రి నెత్తిన గింత బురద వోస్తవారా? సదువుకున్నవ్ గదరా దొంగ!"

ఇంకో ఇద్దరు కాలరు పట్టుకున్నారు. బుచ్చయ్యే వాళ్లను ఆపి, రాజలింగం ముందు కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పయింది బావా. వీని రాతలు నమ్మి నిన్ను ఇన్ని మాటలంటిమి. రేపు పొద్దుగాలనే సాంచాలు నడిపించుకో. ఎవడడ్డమొస్తడో చూస్త." ఎవరో చాయ్ తెచ్చారు. ఇంకెవరో "రాజలింగం కాకకు జై" అన్నారు. చెంప మండుతున్నా సంపత్‌కు ప్రాణం లేచొచ్చింది. అయిపోయింది, బాపు గట్టెక్కాడు.

రాజలింగం చాయ్ ముట్టలేదు.

"బుచ్చయ్యా, జెర ఆగు," అన్నాడు. "గా మాట నాది గాదు. కని గా పని నాదే."

"ఏం పని?"

"పోయిన నెల కరెంటు లేక సాంచాలన్ని ఆగినయ్. పనోళ్లు నలుగురు పొద్దున లేస్తే నా వాకిట్ల కూసుంటుండ్రి. అప్పుడు సేటు అచ్చిండు. నూలిస్త, జనరేటర్ గూడ పంపిస్త, మాలు మాత్రం ఆంధ్ర దిక్కు కండువాలకు వోతది అని మొకం మీదనే చెప్పిండు. నేను ఎర్క వుండే ఒప్పుకున్న." రాజలింగం గొంతు వణకలేదు, అదే సంపత్‌ను భయపెట్టింది. "అంచు పోగులు తీసేసి నెయ్యి, ఎవ్వలకు దెల్వదన్నడు. అన్నీ ఒప్పుకున్న గని గదొక్కటి ఒప్పుకోలే. మా అయ్య వెట్టిన గుర్తు లేకుంట నా సాంచ మీదికెల్లి బట్ట ఎట్ల దిగుతది?"

రాజలింగమే మళ్లీ అందుకున్నాడు.

"గందుకే అన్నిసార్లు దీక్షల కూసున్న. ఒక్కసారి కూసుంటే మనసు నిమ్మలమైతదనుకున్న. కాలే. మల్ల కూసున్న. మీరు దండలేసిండ్రు."

లేని మనిషిని పుట్టించానని సంపత్ మురిశాడు, ఆ మనిషి తన ఇంట్లోనే అన్నం తింటూ, నిద్ర రాక దొర్లుతూ ఉన్నాడు. పోస్టు రాసేముందు ఒక్క ఫోను చేసి, బాపూ ఎట్లున్నవ్ అని అడిగినా సరిపోయేది. నెల రోజులుగా అడగలేదు.

"మేం ఇడిసిపెడితిమి గద బావా," అన్నాడు బుచ్చయ్య. "ఎందుకు జెప్తివి?"

"మీరు ఇడిసిపెట్టింది వాడు ఒప్పుకున్నడని. నేను ఒప్పుకోవద్దా? సంఘం ఏం జేస్తదో జెయ్యుండ్రి."

రాజలింగం మెల్లగా లేచి, గుంజకు అంటించిన కాగితాన్ని చిరగకుండా ఊడదీసి కొడుకు చేతిలో పెట్టాడు.

"ఎనుక ఖాళీనే ఉన్నది. నీ కంప్యూటర్ల తర్వాత రాసుకుందువు, ముందుగాల దీనిమీద రాయి. ఏం జరిగిందో గదే రాయి. నీ పేరు వెట్టు, నా పేరు వెట్టు. మల్ల గిక్కడనే అంటువెడుదాం."

బుచ్చయ్య జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. సంపత్ చాప మీద కూర్చుని కాగితాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. తన పేరు రాశాడు. రెండో పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"రాజలింగం," అని తండ్రి పక్కనుంచి నెమ్మదిగా చెప్పాడు, కొడుక్కి ఆ పేరు కొత్తయినట్టు. "ఎనిమిది సాంచాల ఆసామి. బి.వై. నగర్, సిరిసిల్ల. రాయి కొడుకా."