వెండెల్ పోసిన గుండ్లు

నాకు ఎల్క్ దుప్పి వేట పర్మిట్ తొమ్మిదేళ్ళకి వచ్చింది. ఏటా అర్జీ పెట్టడం, లాటరీలో పేరు రాకపోవడం, తిట్టుకుంటూ ఇంకో ఏడాది కాచుకోవడం. చివరికి అరవై మూడో ఏట తగిలింది. మళ్ళీ తగిలేనాటికి ఈ కొలరాడో కొండలు ఎక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకుంటాయన్న నమ్మకం లేదు. కాబట్టి ఈ శనివారం మొదలయ్యే తొమ్మిది రోజులే నాకు మిగిలిన వేట.

అదీ మామూలు తుపాకితో కాదు. మూతిలోంచి మందు పోసి, దానిమీద సీసపు గుండుని కడ్డీతో అడుగుదాకా దించే పాతకాలపు రైఫిల్‌తో. ఒక్క దెబ్బే. రెండోది కూరేలోపు దుప్పి పక్క జిల్లాకి పోతుంది. ఎనభై గజాల నుంచి మూడు గుండ్లూ అరచేతి వెడల్పులో పడితేనే కొండెక్కుతాను, లేకపోతే పర్మిట్ పొయ్యిలో వేస్తానని నా భార్య నెట్టాతో చెప్పేశాను. ఒకసారి నేను గాయపరిచిన జంతువు కోసం రెండు రోజులు వెతికి, దొరక్క తిరిగొచ్చాను. మళ్ళీ ఆ పాపం నావల్ల కాదు.

గుండ్లు పోసిచ్చింది నెట్టా తమ్ముడు వెండెల్. మొన ఉన్న పొడుగాటి గుండ్లు, చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. ఆగస్టు అంతా మా ఇంటి వెనక కంకర గుంటలో కూర్చుని లెక్క తేల్చాను. డెబ్బై గ్రెయిన్ల మందుకి గుండ్లు కిందికి పడ్డాయి. తొంభైకి చెల్లాచెదురయ్యాయి, నా భుజం వాచింది. ఎనభై పోసి, మందుకీ గుండుకీ మధ్య ఊలు బిళ్ళ పెట్టి, ప్రతి దెబ్బ తర్వాతా గొట్టాన్ని తడి పేలికతో తుడిచాక మూడు చిల్లులూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పడ్డాయి. ఆ రోజు నెట్టాకి వంట నేనే చేశాను.

ఇక వేటరోజు ఎలా జరుగుతుందో అలాగే చేసి చూద్దామనుకున్నాను. సోమవారం పొద్దున్నే ఇంట్లోనే తుపాకి కూరి, మందుని అంటించే క్యాపు మాత్రం పెట్టకుండా, ట్రక్కులో వేసుకుని గంట దూరంలో కొండ మీదున్న వెండెల్ బీడుకి వెళ్ళాను. అదే మందు, అదే కొలత. గుండు మూరెడు పక్కన పడింది. మంగళవారం మళ్ళీ అలాగే కూరి తీసుకెళితే మూరెడు కింద పడింది. బుధవారం అసలు గురి కోసం నిలబెట్టిన అట్టకే తగల్లేదు.

"చెయ్యి వణికిందేమో బావా," అన్నాడు వెండెల్, కాఫీ అందిస్తూ.

"నా చెయ్యి వణకదు."

"అయితే కళ్ళజోడు తుడుచుకో. మా అక్క వంట తిని తిని అద్దాలకి కూడా జిడ్డు పట్టినట్టుంది."

వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నాతోపాటు తొమ్మిదేళ్ళుగా అర్జీ పెడుతున్నవాడు, ఈసారీ పేరు రానివాడు అంత హాయిగా ఎలా నవ్వుతాడు? ఇంటి దగ్గర తగిలిన గుండు వీడి బీడులోకి రాగానే ఎందుకు తప్పుతోంది? అప్పుడు గుర్తొచ్చింది. పాత గుండ్లు అయిపోయాయని ఆదివారమే వాడు కొత్త డబ్బా ఇచ్చాడు. ఈ తుపాకికి మెత్తటి సీసమే పోయాలి, గట్టిదైతే గొట్టంలోని గాళ్ళని పట్టుకోదు. వెండెల్ షెడ్డులో టైర్ల కొట్టు నుంచి తెచ్చిన, చక్రాలకి బిగించే గట్టి సీసం బకెట్ నిండా ఉంది. నా కళ్ళతో చూశాను.

ఆ సాయంత్రం డబ్బా మొత్తం వంటగది బల్ల మీద పోసి, ఒక్కో గుండునీ బొటనవేలి గోటితో గీరడం మొదలుపెట్టాను.

"మా తమ్ముడు ఇచ్చినవాటిని అలా గీరుతున్నావేంటి?" అంది నెట్టా.

"సీసం మెత్తగా ఉందో లేదోనని."

"ఉందా?"

"ఉంది."

"మరింకేంటి?"

"అదే నా అనుమానం. పైన మెత్తగా పోసి లోపల ఏం కలిపాడో!"

నెట్టా నాకేసి ఒక చూపు చూసి, గిన్నెలు గట్టిగా కడిగింది. నేను నలభై గుండ్లూ తూచాను. అన్నీ ఒకే బరువు. ఇంత జాగ్రత్తగా పోశాడంటే ఏదో దాస్తున్నాడనే అనుకున్నాను. అప్పటి నా బుద్ధి అలా ఉంది.

గురువారం వెండెల్ బీడులో దిగుతూనే డబ్బా వాడి బల్ల మీద విసిరికొట్టాను.

"ఏం కలిపావురా ఇందులో? నాకు పర్మిట్ వచ్చిందని కడుపుమంటా?"

వాడు డబ్బా మూత తీశాడు. ఒక గుండు తీశాడు. నా గోటి గాటు చూశాడు. ఇంకోటి తీశాడు, ఇంకోటి. నేను ఆగకుండా, "చూడు, నీ కళ్ళముందే కాలుస్తా, ఎక్కడ పడుతుందో నువ్వే చూడు," అంటూ ఇంటి దగ్గరే కూరి తెచ్చిన తుపాకికి క్యాపు పెట్టి ఎత్తాను.

వెండెల్ ఒక్క అంగలో వచ్చి గొట్టం పట్టుకున్నాడు. "దించు బావా. ముందు దించు."

క్యాపు ఊడపీకి, కడ్డీ తీసి మూతిలోకి జారవిడిచాడు. గుండు మందు మీద సరిగ్గా కూర్చుంటే కడ్డీ ఎంత దిగాలో దాని మీద నేనే గీత కోసుకున్నాను. ఆ గీత మూతికి నాలుగు వేళ్ళ పైన ఆగిపోయింది.

"ట్రక్కులో దీన్ని ఎలా తెచ్చావు?"

"ఎలా ఏంటి? నలభై ఏళ్ళుగా ఏ తుపాకినైనా మూతి కిందికి పెట్టే తెస్తాను."

"ఆ గతుకుల రోడ్డు మీద గంటసేపు! తూటాల తుపాకి అయితే సరే. ఇది బరువైన గుండు బావా, మూతివైపు జారిపోయింది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉంటే గొట్టమే పేలొచ్చు. మూడు రోజులూ ఇలాగే కాల్చావా?"

వాడి పెదాలు తెల్లబడ్డాయి. భయపడింది నాకోసం. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వాడే కడ్డీతో గుండుని మళ్ళీ మందు మీదికి దించి, తుపాకి నా చేతికిచ్చాడు. కాల్చాను. అక్కడే కూరి ఇంకో రెండు కాల్చాను. మూడు చిల్లుల మీదా అరచెయ్యి పెడితే మూడూ మూసుకుపోయాయి.

"తప్పు నాదే వెండెల్. క్షమించు."

"సర్లే."

"శనివారం తెల్లవారుజామున నాలుగింటికి వస్తా, ఎప్పటిలాగే తయారుగా ఉండు."

వాడు గుండ్లు ఒక్కొక్కటే డబ్బాలో సర్దాడు. "నేను రాను బావా. తిట్టావని కాదు, నువ్వెప్పుడూ తిడతావు. నిన్న నా కాఫీ తాగి వెళ్ళి, ఇంట్లో కూర్చుని ఇవన్నీ గీరావు. దానికే. గుండ్లు మాత్రం తీసుకెళ్ళు, మంచివే."

శనివారం ఒక్కడినే కొండెక్కాను. తెల్లవారాక దేవదారుల అంచున ఒక మగ దుప్పి మేతకొచ్చింది. అరవై అడుగుల దూరం కూడా లేదు, పక్కకి తిరిగి నిలబడింది. గురి దాని భుజం వెనక కదలకుండా నిలిచింది. కాలిస్తే పడుతుందని నాకు ఖాయంగా తెలుసు. అంత మాంసం కిందికి మోయాలంటే ఇద్దరు మనుషులకి పొద్దుగూకుతుంది. ఒంటరిగా నాలాంటి ముసలాడు మోసేలోపు సెప్టెంబరు ఎండకి సగానికి సగం కుళ్ళిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా నా ప్రతి వేటలోనూ ఆ రెండో మనిషి వెండెల్. వేరే ఎవరినీ పిలవాలని కూడా నాకు తోచలేదు.

క్యాపు తీసి జేబులో వేసుకున్నాను. దుప్పి ఇంకా అక్కడే మేస్తోంది. నేనే ముందు లేచి వచ్చేశాను.