లియొంగ్ తిప్ప

గాన్ తియెక్ ఏడేళ్ల తర్వాత ఊరికి ఒక్కడే తిరిగొచ్చాడు. వెంట వెళ్లినవాళ్లు ఇరవై ఆరుగురు. అందులో మా చిన్నాన్న ఒకడు. దక్షిణ సముద్రంలో ఓడల్ని మింగే రాతి తిప్పల మధ్య దారి కనిపెడతానని, మా రేవులో గట్టి మగాళ్లందరినీ ఏరుకుని మరీ ఓడెక్కించుకుపోయాడు. దారి కనిపెట్టాడు కూడా. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ పట్టలేదు.

బావి దగ్గర ఆడవాళ్లు అతని కుండను పక్కకు తన్నేశారు. అతనికి ఎవరూ చేప అమ్మలేదు. సువాత్ అయితే రోజూ పొద్దున్నే వెళ్లి అతని గుమ్మంలో ఉమ్మి వచ్చేది. ఆమె మొగుడు లియొంగ్ ఆ ఓడకు చుక్కాని పట్టినవాడు.

ఒకనాడు ఆమె ఉమ్మి ఊరుకోలేదు. గడప మీద చతికిలబడింది. మేం కుర్రాళ్లం నలుగురం గోడ పక్కన చేరాం.

"నా మొగుడెలా పోయాడో చెప్పు. ఏడుపులొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు."

తియెక్ నేల చూస్తూ చెప్పాడు. "వెనక్కి తిప్పుదామన్నాడమ్మా. రెండుసార్లు అన్నాడు. నేనే వినలేదు. ఇంకాస్త ముందుకెళ్తే లోతు దొరుకుతుందన్నాను. రాయి తగిలింది. పన్నెండుమంది అక్కడే పోయారు. మిగతావాళ్లు దీవిలో, నీళ్లు లేక."

"నువ్వెందుకు పోలేదు?"

"తెలీదు."

"నాకు తెలుసు. సిగ్గు లేక."

"ఆ రాయికి వాడి పేరే పెట్టాను, సువాత్. లియొంగ్ తిప్ప. అది ఎడమకు కనబడగానే ఆగ్నేయానికి తిప్పుకోవాలి. నేర్చుకునేవాళ్లందరికీ అలాగే చెబుతున్నాను."

ఆమె లేచి, అతని గుమ్మంలో ఉన్న చీపురే తీసి అతని మొహాన కొట్టింది. "వాణ్ణి చంపిన రాయికి వాడి పేరా? అడిగావా నన్ను?"

అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కానీ నేర్పడం మానలేదు. పై రేవుల్లో ఓడలు నడిపే సరంగులు బియ్యం, సారా పట్టుకొచ్చి అతని వాకిట్లో కూర్చుని, ఆ దారిని పాటలా వల్లె వేసుకుని పోయేవాళ్లు. మావాళ్లు ఆ వాకిలి తొక్కలేదు. చువాన్‌చౌ పట్నం రేవులో సారా కొట్లలో పరాయివాళ్ల దగ్గర గుట్టుగా నేర్చుకున్నారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఇంట్లో చెప్పలేదు.

చలికాలంలో దగ్గి దగ్గి పోయాడు తియెక్. శవపేటిక మొయ్యడానికి ఊళ్లో ఒక్క భుజం లేదు. కబురంది మూడోనాడు పదకొండు ఓడలొచ్చాయి. సరంగులే పేటిక ఎత్తుకున్నారు. శ్మశానం బాటలో సువాత్ అడ్డంగా నిలబడింది.

ఆమె ఎవరో తెలిశాక, ముందు మోస్తున్న ముసలి సరంగు తల వంచాడు. "పెద్దమ్మా, మీ ఆయన పేరు తలవకుండా మేం ఆ నీళ్లు దాటం. ఆయన పుణ్యాన నా ముగ్గురు కొడుకులూ బతికున్నారు."

"మా ఆయన రాయి కాదు, మనిషి," అంది సువాత్. "పీతలంటే పడి చచ్చేవాడు. నిద్రలో పళ్లు కొరికేవాడు. అది ఉందా మీ పాటలో?"

"లేదు పెద్దమ్మా."

"అయితే పక్కనుంచి పొండి."

ఆమె కదల్లేదు. వాళ్లు పేటికతో బురదలోకి దిగి, మోకాళ్ల లోతున ఈడ్చుకుంటూ ఆమెను చుట్టి పోయారు. మాలో ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు. ఆ వసంతంలో మా ఊరి ఓడలన్నీ తియెక్ కనిపెట్టిన దారినే దక్షిణానికి పోయాయి.