కేసు షీటులో ఖాళీ గడి

మా ఎమర్జెన్సీ వార్డులో కాగితం ముక్క వెతికితే దొరకదు గానీ చేతి తొడుగులకు కొదవ లేదు. అందుకే బీపీ, పల్సు, పేషెంటు తాలూకువాళ్లు చెప్పిన ముక్కా అన్నీ ఎడమచేతి తొడుగు మీద రాసుకుని, తీరిక దొరికాక కేసు షీటులోకి ఎక్కించడం నాకు పద్దెనిమిదేళ్ల అలవాటు. తప్పని తెలుసు. కొత్తగా చేరిన పిల్లలకు ఇలా చెయ్యొద్దని క్లాసు పీకేది కూడా నేనే. శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, ఆ రోజు నేనే పడ్డాను.

మధ్యాహ్నం రెండింటికి ఒక వడ్రంగిని అతని భార్య నడిపించుకుంటూ తెచ్చింది. అరచేతిలో మేకు దిగిన గాయం చీము పట్టి, చెయ్యి మోచేతి దాకా వాచింది. ఒళ్లు కాలిపోతోంది. నేను అడక్కముందే ఆమె చెప్పింది.

"సిస్టర్, ఆయనకి పెన్సిలిన్ పడదండి. చిన్నప్పుడు ఒకసారి ఊపిరాడక చావు తప్పిందట."

"సరేనమ్మా, రాసుకున్నా," అన్నాను. అబద్ధం కాదు. తొడుగు మీద రాసుకున్నాను.

అంతలో బస్సు బోల్తా పడి ఐదుగురు ఒకేసారి వచ్చిపడ్డారు. మొదటివాడి రక్తం ఆపేసరికే తొడుగులు తడిసి ముద్దయ్యాయి. పీకి చెత్తబుట్టలో పడేసి కొత్తవి వేసుకున్నాను. ఆ గంటలో ఎన్ని జతలు మార్చానో లెక్కలేదు. వడ్రంగి నా బుర్రలోంచి పూర్తిగా జారిపోయాడు.

అతన్ని చూసిన డ్యూటీ డాక్టరు పెన్సిలిన్ ఇంజెక్షన్ రాశాడు. ఇచ్చింది పిచ్చుక అని మేం ముద్దుగా పిలిచే కొత్త నర్సు. అది మా అందరిలోకీ చిన్నది, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. షీటులో అలర్జీ గడి ఖాళీగా ఉంటే అలర్జీ లేదనుకుంది. ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు.

"అక్కా!" అని అది పెట్టిన కేకకు పరుగెత్తాను. మనిషి ముఖం ఉబ్బిపోయింది, పెదాలు నీలంగా మారాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చాను, డాక్టరు గొంతులోకి గొట్టం వేశాడు, మంచం తోసుకుంటూ పై అంతస్తులో ఐసీయూకి చేర్చాం. "గుండె కొట్టుకుంటోంది. రేపటి దాకా ఏమీ చెప్పలేం," అన్నాడు డాక్టరు.

కిందికి రాగానే పెద్దక్క మా ఇద్దరినీ దుప్పట్లు పెట్టే గదిలోకి పిలిచి తలుపేసింది. పెద్దక్కంటే మా హెడ్ నర్సు. చేతిలో వడ్రంగి కేసు షీటు ఉంది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పిచ్చుక గోడకు ముఖం పెట్టి వెక్కుతోంది.

"అలర్జీలు లేవని భార్య చెప్పింది అని రాయి. టైము రెండూ పది వెయ్యి," అంది పెద్దక్క. "బయట పేషెంటు తాలూకువాళ్లకి అదే చెప్పొచ్చాను, మాకెవరూ ఏం చెప్పలేదని."

"ఆవిడ చెప్పింది పెద్దక్కా."

"ఎవరు విన్నారు? నువ్వొక్కదానివే. నిజం రాస్తే నీ లైసెన్సు పోతుంది, దీని ఉద్యోగం పోతుంది. ఎనిమిది మంది ఉండాల్సిన చోట ముగ్గురితో నెట్టుకొస్తున్నాం. దానికి ఎవడి లైసెన్సన్నా పీకారా? నేను రాక్షసినేం కాదే. మిమ్మల్ని కాపాడుకోవద్దా?"

ఆమె మాటలో అన్యాయమేదీ కనబడలేదు నాకు ఆ క్షణాన. సిగ్గు విడిచి చెబుతున్నాను, పెన్ను మూత తీశాను. ఈ పని తప్ప నాకింకో పని రాదు. 'అలర్జీలు' అనే మాట రాశాను కూడా.

తలుపవతల వరండాలో ఎవరో అరుస్తున్నారు. కబురంది వచ్చిన వడ్రంగి అక్క.

"పెన్సిలిన్ పడదని పెళ్లిలోనే చెప్పానా లేదా నీకు? ఆ ఒక్క ముక్క చెప్పడానికి నోరు పడిపోయిందా? నా తమ్ముణ్ని పొట్టన పెట్టుకున్నావు కదే!"

"చెప్పాను వదినా," అంది భార్య. మళ్లీ సన్నగా, "చెప్పాననే అనుకుంటున్నా... కంగారులో చెప్పలేదో ఏమో," అంది.

నాకు ఒళ్లు మండింది. పెద్దక్క మీద కాదు, నా మీద. చెప్పిన మనిషి చేతే చెప్పలేదేమో అనిపిస్తున్నాం, ఇంతకంటే పాపం ఉంటుందా? రాసిన మాటను ఒక్క గీతతో కొట్టేసి, కింద అప్పటి టైము నాలుగూ ఐదు వేశాను. 'రెండు గంటలకు పెన్సిలిన్ పడదని భార్య నాకు చెప్పింది. నేను షీటులో ఎక్కించలేదు.' సంతకం పెట్టాను.

"కొరివితో తల గోక్కున్నావు," అంది పెద్దక్క. "సరే, పైవాళ్లు చూడనీ. అంతవరకూ బయట నోరు విప్పకు."

"ఆలోగా ఆవిడ చచ్చిపోయేట్టుంది," అని తలుపు తీశాను.

భార్య బల్ల అంచున ముడుచుకుని కూర్చుంది. ఎదురుగా నిలబడ్డాను.

"అమ్మా, మీరు చెప్పారు. నాకే చెప్పారు. నేనే షీటులో రాయలేదు."

చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆమె లేచి నా మణికట్టు పట్టుకుంది, ఎముక నొప్పెట్టేంత గట్టిగా.

"మళ్లీ చెప్పండి. మా వదినకి వినబడాలి."

మళ్లీ చెప్పాను. ఈసారి వరండా అంతా వింది. తలుపు దగ్గర పిచ్చుకా, పెద్దక్కా విన్నారు. భార్య నా చెయ్యి వదల్లేదు.

"పైకి పదండి," అంది. "ఆయన కళ్లు తెరిస్తే ఆయనకి చెప్పండి. తెరవకపోతే, నాకు ఇద్దరు పిల్లలున్నారు. వాళ్లకీ మీరే చెప్పాలి."