ఒకసారికి ఒకటే

అటుకుల పోహాకి ఉల్లిపాయలు తరుగుతూ నిమిషానికోసారి కంప్యూటర్ వైపు చూస్తున్నాను. మా అత్తగారు దాలమ్మకి షుగర్ వల్ల చూపు మందగించింది. కథలంటే ప్రాణం ఆవిడకి. తెలుగు చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది గానీ, మా పాత కంప్యూటర్‌కి రెడీమేడ్‌గా దొరకదు. సోర్స్ కోడ్ దించుకుని మనమే బిల్డ్ చేసుకోవాలి, అంటే ఆ కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోవాలి. మూడు ఆదివారాలుగా అదే గొడవ. దానికి కావలసిన తోడు ప్రోగ్రాములు, లైబ్రరీలంటారు, వెతికి తెచ్చాను, మొరాయించిన లైన్లు పక్కన పెట్టాను. ఇప్పుడేమో సగంలో 'కిల్డ్' అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోతోంది. మా ఆయన రవి అలిగినట్టే, కారణం మాత్రం చెప్పదు.

"ఫణీ, పోహా అయిందా? రెండింటికి డ్యూటీ, యూనిఫాం ఇస్త్రీ చెయ్యాలి!" లోపల్నుంచి రవి. "ఆ డబ్బా జోలి నీకెందుకు, ఛోడ్ దో, వదిలెయ్."

ప్రేమగానే అన్నాడు. అందుకే ఇంకా మండింది. ఈ హిందీ ఊళ్లో, భన్‌పురి పేటలోని మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు కంప్యూటర్లన్నీ బాగుచేసేది నేనే. అక్కడ నా హోదా గుమాస్తా.

చెయ్యి తుడుచుకుని, ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఒకరినొకరు అడుక్కునే ఆన్‌లైన్ ఫోరం తెరిచాను. నా ప్రశ్నకి ఎవరో జవాబిచ్చారు. "మీ తప్పేం లేదు, మెమరీ చాలడం లేదు. నాలుగు పనులు ఒకేసారి చెయ్యమన్నారు. ఒక్కొక్కటే చెయ్యమనండి."

కమాండ్ చూసుకున్నాను. నిజమే, నాలుగని రాసింది నేనే. త్వరగా తెములుతుందనుకున్నాను. ఇల్లంతా అలాగే నడుపుతాను కదా, ఇంకో అంకె తోచనే లేదు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నాలుగు తీసి ఒకటి పెట్టాను.

"ఏటమ్మీ, ఎంతసేపు పడద్ది?" మంచం మీంచి అత్తమ్మ అడిగింది.

"మూడు గంటలు, అత్తమ్మా. ఒక్కొక్కటే చేస్తుంది."

"సెయ్యనీ, నెమ్మదిగానే సెయ్యనీ. నువ్విలగ వచ్చి కూకో. పొద్దున్నుంచీ తిరగతానే ఉన్నావు."

పోహా కలిపి, పొయ్యి కట్టేసి, ఆవిడ పక్కన కూర్చున్నాను. నా అరచెయ్యి తన ఒళ్లో పెట్టుకుని నిమురుతూ ఉంది. ఎంత బావుందో చెప్పలేను. తెరమీద లైన్లు ఒకదాని వెనకొకటి పోతున్నాయి.

"మళ్లీ ఆగిపోనాదా?"

"లేదత్తమ్మా. ప్రతిసారీ చచ్చే చోటు దాటేసింది."

రవి గుమ్మంలోకొచ్చాడు, చేతిలో నలిగిన చొక్కాతో. "ఇస్త్రీ పెట్టె ఎక్కడుంటుంది?"

పదకొండేళ్ల కాపురంలో ఆ ప్రశ్న మొదటిసారి విన్నాను. లేవబోయాను, అలవాటు కదా. మళ్లీ కూర్చున్నాను.

"వెతకండి," అన్నాను. "నేనొక పనిలో ఉన్నాను."