రెండు వైపులా ప్రవేశం లేదు

నగరపాలక సంస్థ వర్క్‌షాపులో ఆమెను అందరూ బోర్డులక్క అనేవారు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోని రోడ్ల బోర్డులన్నీ ఆమె చేతి మీదుగానే బయటికి వెళ్ళాయి. అల్యూమినియం రేకును కొలతకు కోయించేది. దాని మీద రేడియం షీటును గాలిబుడగ లేకుండా అతికించేది. చివర్లో బోర్డు వెనక ఒక చీటీ అంటించి బండి ఎక్కించేది. జాబితాలో అది ఎన్నో బోర్డు, ఏ స్తంభానికి బిగించాలి, ఏ అధికారి ఒప్పుకున్నాడు అన్నవి ఆ చీటీ మీద సంతకంతో సహా ఉండేవి. బిగించే మనుషులు చీటీ చూసి బిగించి వచ్చేవారు.

ఆ వేసవిలో నగరం నడిబొడ్డున మూడు కిలోమీటర్లు దాటడానికి గంటన్నర పడుతోందని జనం గోల పెట్టారు. పెద్దలు కూర్చుని మధ్య రోడ్లన్నీ వన్‌వేలు చేయాలని తీర్మానించారు. రెండు వందల పద్నాలుగు బోర్డులు, పది రోజుల గడువు. ఆదివారానికల్లా అన్నీ స్తంభాలెక్కాలి. సోమవారం పొద్దున్నించి కొత్త పద్ధతి.

బోర్డులక్కకు ఒక అలవాటు ఉంది. జాబితా రాగానే మ్యాపు పక్కన పెట్టుకుని ఒక్కో బోర్డునూ వేలితో వెతికి చూసుకునేది. అలా చూస్తూ అరవై ఒకటి, అరవై రెండు దగ్గర ఆగిపోయింది. రైలు వంతెన కింది రోడ్డుకు మార్కెట్ చౌరస్తా వైపు ‘ప్రవేశం లేదు’ అని ఒక బోర్డు ఉంది. అదే రోడ్డుకు అవతల మిల్లు చౌరస్తా వైపు ‘ప్రవేశం లేదు’ అని ఇంకో బోర్డు ఉంది. మ్యాపులో ఆ రోడ్డు మార్కెట్ నుంచి మిల్లు వైపు వన్‌వే. అంటే బోర్డు మిల్లు వైపు మాత్రమే ఉండాలి. రెండు వైపులా పెడితే ఆ రోడ్డులోకి పైనున్న రైలుపట్టాల మీంచి దూకాలి తప్ప వేరే దారి లేదు.

ఆ రోడ్డు ఆమెకు బాగా తెలుసు. ఆమె భర్త సిటీబస్సు డ్రైవరు. పదకొండేళ్ళుగా ఆయన రోజుకు ఎనిమిదిసార్లు ఆ వంతెన కింద నుంచే వెళ్ళి వస్తున్నాడు.

వెంటనే ట్రాఫిక్ విభాగం ఇంజినీరుకు ఫోన్ చేసింది. ఆయన ఆమె కంటే పదిహేనేళ్ళు చిన్న. ఈ పథకం పెద్ద కంపెనీ వాళ్ళు ఎనిమిది నెలలు కంప్యూటర్ల ముందు కూర్చుని చేసిందనీ, నలుగురు అధికారులు చూసి సంతకాలు పెట్టారనీ ఆయన ఓపిగ్గానే చెప్పాడు. ఆమె మళ్ళీ అరవై ఒకటో నంబరు అనేసరికి ఆ ఓపిక అయిపోయింది.

“అతికించడం మీ పని. ఆలోచించడానికి మేం ఉన్నాం కదమ్మా.”

రెండు రోజుల తర్వాత మళ్ళీ చేస్తే మీటింగులో ఉన్నారని సహాయకుడు చెప్పాడు. మూడోసారి ఎవరూ ఎత్తలేదు. గడువు నెత్తి మీద ఉంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. అరవై ఒకటో బోర్డుకు కూడా ఎర్ర రేడియం అతికించి, అంచులు నున్నగా రుద్ది, చీటీ అంటించి పంపేసింది.

సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకు ఆమె భర్త బస్సు మార్కెట్ చౌరస్తాకు చేరింది. రూటు మారలేదు, వంతెన కిందుగానే పొమ్మని డిపోలో కాగితం ఇచ్చారు. ఎదురుగా బోర్డు మాత్రం ‘ప్రవేశం లేదు’ అంటోంది. అక్కడున్న కానిస్టేబుల్ తన చేతిలో కాగితం చూశాడు, బోర్డు చూశాడు, వెనక పెరుగుతున్న బండ్ల వరస చూశాడు. పొమ్మని చెయ్యి ఊపాడు. డెబ్భై మందితో బస్సు లోపలికి దిగింది.

అవతల మిల్లు వైపు కూడా సరిగ్గా అదే జరిగింది. పొద్దున్నే మార్కెట్ వైపు కూడా ఇదే బోర్డు చూసి వచ్చిన డ్రైవరొకడు, రెండు వైపులా వద్దని ఉంటే పాత పద్ధతే కాబోలనుకుని సిమెంటు లారీని లోపలికి దించాడు. దాని వెనక ఆటోలు, వాటి వెనక కార్లు. వంతెన కింద మలుపులో బస్సు, లారీ మూతీ మూతీ ఆనించి ఆగిపోయాయి. వెనక్కి పోవడానికి ఇద్దరికీ అంగుళం చోటు లేదు. అరగంటలో మార్కెట్ చౌరస్తా బిగుసుకుపోయింది. గంటకల్లా దాని చుట్టూ ఉన్న ఆరు రోడ్లూ ఆగిపోయాయి.

మూడున్నర గంటలు. వంతెన కింద గాలి లేదు, పొగ మాత్రం ఉంది. బస్సులో ఒక పెద్దాయన స్పృహ తప్పితే నలుగురు చేతుల మీద మోసుకుపోయారు. పరీక్షకు వెళ్ళాల్సిన అమ్మాయి ఏడ్చుకుంటూ దిగి పరిగెత్తింది. ఉద్యోగం ఇంటర్వ్యూ పోయిన కుర్రాడొకడు డ్రైవరు కాలరు పట్టుకున్నాడు. చొక్కా గుండీలు రెండు తెగాయి. బోర్డు కనపడలేదా, కళ్ళున్నాయా అని వాడు అరుస్తుంటే ఇంకొకడు ఫోనులో తీశాడు. ఆ వీడియో మధ్యాహ్నానికి ఊరంతా తిరిగింది. మూడింటికి నగరపాలక సంస్థ ఒక ప్రకటన ఇచ్చింది. కొత్త పద్ధతి బ్రహ్మాండంగా ఉందని, ‘ప్రవేశం లేదు’ అన్న బోర్డును లెక్కచేయని ఒక బస్సు డ్రైవరు వల్లనే ఇదంతా జరిగిందని దాని సారాంశం. నాలుగింటికి ఆయన్ని సస్పెండ్ చేశారు. విచారణ గురువారం పన్నెండింటికి.

ఆమె ఐదింటికి ఇల్లు చేరేసరికి ఆయన గుండీలు లేని చొక్కాతోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అన్నం పళ్ళెం ముట్టలేదు. ఆమె అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

“మార్కెట్ వైపు బోర్డు ఎవరు చేశారు?” అన్నాడాయన.

“నేనే.”

“తప్పని తెలీదా?”

ఆమె అబద్ధం ఆడలేదు. “తెలుసు. ఇంజినీరుకు చెప్పాను. వినలేదు.”

“చెప్పావు. చెప్పి, మళ్ళీ నువ్వే చేశావు.” ఆయన గొంతు పెంచలేదు. “నేను రోజూ పోయే రోడ్డని కూడా తెలుసు నీకు.”

ఆమె గడువు గురించి చెబుదామనుకుంది కానీ నోట్లోనే చేదుగా అనిపించింది. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. ఒకరు గొయ్యి తవ్వారు, ఒకరు పడ్డారు, ఇద్దరూ నా కొంపలోనే ఉన్నారు, ఇక నేనెవర్ని తిట్టను అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి గిన్నెలు దబదబా సర్దింది.

మర్నాడు ఆమె ఇంజినీరు గదికి వెళ్ళింది. అరికాలి మంట నెత్తికెక్కి ఉన్నా మాట జారకుండా నిలబడింది. మార్కెట్ వైపు బోర్డు ఇవాళే తీయించమంది, తప్పెవరిదో కాగితం మీద రాయమంది. ఆయన తలెత్తకుండా వర్క్‌షాపు వాళ్ళు జాబితా తప్పు చదివి ఒక బోర్డు ఎక్కువ చేశారని తను అప్పటికే నివేదిక పంపేశానన్నాడు. ఫోన్ సంగతి ఎత్తితే తనకేమీ గుర్తులేదన్నాడు. అసలు జాబితా చూపించమంటే ఫైలు పై అధికారి దగ్గర ఉందన్నాడు. బోర్డు తీయాలన్నా కొత్త ఫైలు నడవాలి, మూడు వారాలు పడుతుందన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు బస్సుదీ, వర్క్‌షాపుదీ తప్పు. తప్పు చేసినవాడు చల్లగా ఫ్యాను కింద కూర్చున్నాడు. మెట్లు దిగుతుంటే ఆమెకు ఆ మనిషి మీద ఎంత కోపం ఉందో, వారం క్రితం అంచులు నున్నగా రుద్దిన తన చేతుల మీద అంతకు రెట్టింపు ఉంది.

బుధవారం కూడా చౌరస్తా అలాగే బిగుసుకుంది. కానిస్టేబుళ్ళు ఇద్దరైనా ఒకరు పొమ్మంటే ఒకరు ఆగమన్నారు.

గురువారం పది గంటలకు ఆమె వర్క్‌షాపు నుంచి నిచ్చెన, పెద్ద పానా తీసుకుని ఆటోలో బయల్దేరింది. ఆటో చౌరస్తాకు అరకిలోమీటరు ఇవతలే ఆగిపోయింది. నిచ్చెన భుజాన వేసుకుని బండ్ల మధ్య నుంచి నడిచింది. స్తంభానికి నిచ్చెన ఆనించి ఎక్కబోతుంటే సోమవారం నాటి కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చాడు.

“ఆర్డరుందా అక్కా?”

“లేదు. ఇది నేను చేసిన బోర్డు. తప్పు బోర్డు. తీసేస్తున్నాను. కేసు రాసుకోవాలంటే రాసుకో, పేరు చెప్తాను.”

అతను చుట్టూ చూశాడు. హారన్ల మోతలో ఆలోచించుకోవడానికి కూడా చోటు లేదు. మూడు రోజులుగా అతను ఇంటికెళ్ళి కూడా చెవుల్లో ఆ మోతే వింటున్నాడు. వంగి నిచ్చెన కాళ్ళు రెండు చేతులా పట్టుకున్నాడు.

నాలుగు బోల్టులు. మూడు తేలిగ్గానే వచ్చాయి, నాలుగోది మొరాయించింది. అరచెయ్యి ఒరుసుకుపోయి రక్తం కారింది. బోర్డు చేతికి రాగానే కానిస్టేబుల్ వరసలో ముందున్న బస్సుకు చెయ్యి ఊపాడు. ఈసారి అతని చెయ్యికి, రోడ్డుకు మధ్య వేరే మాట చెప్పేది ఏదీ లేదు. మార్కెట్ వైపు నుంచి బండ్లు ఒకటొకటిగా వంతెన కిందికి దిగడం మొదలుపెట్టాయి. అవతల మిల్లు వైపు బోర్డు ఉండనే ఉంది.

నగరపాలక కార్యాలయం అక్కడికి రెండు కిలోమీటర్లు. మిగతా రోడ్లు ఇంకా కదలలేదు కనుక ఆమె బోర్డును చంకలో పెట్టుకుని నడిచింది. ఆగిన కార్లలోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. ఆ బోర్డు మా గుమ్మానికి కట్టు అక్కా, చుట్టాల బాధ తప్పుతుందని ఒక ఆటోవాడు అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

విచారణ గదిలో పొడవాటి బల్ల. ఒక పక్క విచారణాధికారి, తల నెరిసిన మనిషి. ఇంకో పక్క ఇంజినీరు. బల్ల ముందు చేతులు కట్టుకుని ఆమె భర్త. తలుపు దగ్గర బంట్రోతు ఆపబోతే బోర్డు అంచు అడ్డం పెట్టి లోపలికి వచ్చేసింది. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది.

ఇంజినీరు లేచాడు. ప్రభుత్వ ఆస్తి అనుమతి లేకుండా పీకడం నేరమన్నాడు.

“నేరమే,” అంది ఆమె. “దాని సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు చీటీ చదవండి.”

విచారణాధికారి కళ్ళజోడు సవరించుకుని చదివాడు. అరవై ఒకటి. ప్రవేశం లేదు. మార్కెట్ చౌరస్తా, వంతెన వైపు స్తంభం. కింద ఇంజినీరు సంతకం, తేదీ. ఆయన చీటీని రెండోసారి చదివి ఇంజినీరు వైపు తిరిగాడు. ఈ సంతకం మీదేనా అని అడిగాడు. ఇంజినీరు నీళ్ళు నమిలాడు. రెండు వందల పైచిలుకు చీటీలు ఒకేసారి వచ్చాయనీ, అన్నీ చదవడం ఎవరి వల్లా కాదనీ చివరికి అన్నాడు.

“నేను చదివాను,” అంది ఆమె. “రెండు వందల పద్నాలుగూ చదివాను. చదివి మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మీరు వినలేదు. మీరు విననందుకు ఈయన కాలరు పట్టుకున్నారు. నాకు తప్పని తెలిసి కూడా చేశాను, ఆ తప్పు నాది, రాసుకోండి. ఈయనది మాత్రం ఏమీ లేదు.”

రక్తం అంటిన ఆమె చేతి వైపు చూసి భర్త జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. ఆమె ముఖం మాత్రం చూడలేదు.

పన్నెండు రోజులకు ఆయన సస్పెన్షన్ ఎత్తేశారు. కాగితంలో క్షమాపణ లేదు, ఇకపై జాగ్రత్తగా ఉండవలెనని ఒక హెచ్చరిక మాత్రం ఉంది. వీడియో సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పటికీ బస్సెక్కేవాళ్ళలో కొందరు ఆయన్ని వేలు పెట్టి చూపిస్తారు. అనుమతి లేకుండా బోర్డు తీసినందుకు బోర్డులక్కకు ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. బోర్డు తీయడం తప్పేనని ఒప్పుకుంటూ ఒక ఉత్తరం రాసిస్తే అది కూడా మాఫీ చేస్తామన్నారు. ఆమె రాయలేదు. ఇంజినీరును పై అధికారి గదిలోకి పిలిచి మందలించారట. రెండు నెలలు తిరగకుండా ఆయనకే ఊరి ఉత్తర భాగం పథకం కూడా అప్పజెప్పారు.

ఆ జాబితా వర్క్‌షాపుకు వచ్చింది. మూడు వందల నలభై బోర్డులు, మళ్ళీ పది రోజుల గడువు. బోర్డులక్క దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. ప్రతి స్తంభం దగ్గరికీ తను వెళ్ళి చూసి వచ్చేదాకా వర్క్‌షాపులో ఒక్క రేకు కూడా కోయరని పై అధికారికి రాతపూర్వకంగా పంపింది. కింద తేదీ వేసింది, నకలు తన దగ్గర ఉంచుకుంది. గడువు దాటితే ఎవరు బాధ్యులని ఇంజినీరు ఫోన్ చేసి అడిగాడు. ఆ ప్రశ్న కూడా కాగితం మీద రాసి పంపమంది. ఆ కాగితం రాలేదు.

ఆదివారం ఆమె టోపీ పెట్టుకుని బయల్దేరుతుంటే భర్త కూడా చెప్పులేసుకున్నాడు. ఆ రోజు ఆయనకు సెలవు. ఇంట్లో ఇద్దరి మధ్య మాటలు అప్పటికి అవసరానికి మించి సాగడం లేదు. ఉత్తరం వైపు రోడ్లలో తనకు బస్సు తోలిన అనుభవం ఉందనీ, ఆమెకు ఆ మలుపులు తెలియవనీ మాత్రం అన్నాడు.

ఎండలో స్తంభం తర్వాత స్తంభం నడిచారు. ఆమె జాబితా చదువుతుంటే ఆయన రోడ్డు మధ్యకు వెళ్ళి బస్సు ఎటు తిరగాలో చేత్తో చూపించాడు. పదిహేడో స్తంభం దగ్గర ఆగిపోయాడు. ఇక్కడ ఎడమకు తిరగమంటే బస్సు వెనక చక్రం కాలిబాట ఎక్కుతుందని, అక్కడ ఎప్పుడూ జనం నిలబడి ఉంటారని చెప్పాడు. ఆమె ఎర్రపెన్నుతో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి, ఆయన చెప్పింది పక్కన రాసింది.

“సరిగ్గా రాశావా?” అన్నాడాయన.

“రాశాను. కావాలంటే చూసుకోండి.”

ఆయన కాగితం చేతిలోకి తీసుకుని నిజంగానే చూసుకున్నాడు, ఒక్కో అక్షరమూ. తర్వాత తిరిగిచ్చి పద్దెనిమిదో స్తంభం వైపు నడిచాడు.