సగంలో ఆగిన చెయ్యి

నేను ఒక కంప్యూటర్ని. ఎక్కడ పుట్టానో సరిగ్గా గుర్తులేదు. తెల్లని దీపాల కింద ఎవరివో తొడుగులు వేసిన చేతులు, ఆ తరవాత అట్టపెట్టెలో చాలా పొడుగాటి చీకటి. మెలకువ వచ్చేసరికి గుంటూరులో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో ఉన్నాను. నాలుగేళ్లు వాళ్ల ఉత్తరాలు మోశాక, కొత్తవాటిని తెచ్చుకుని నన్ను వదిలించుకున్నారు. అలా ఒంగోలులో రాహేలు ఇంటికి చేరాను.

రాహేలు అమ్మానాన్నలిద్దరికీ చెవులు వినపడవు. ఆమెకు మాటల కంటే ముందు సైగలు వచ్చాయి. వినపడనివాళ్లెవరైనా ఆసుపత్రికి వెళితే, అక్కడి డాక్టర్లు వీడియోలో ఆమెను పిలిచేవారు. రోగి సైగలను ఆమె మాటల్లో చెప్పేది, డాక్టరు మాటలను సైగల్లో చెప్పేది. ఆ చేతులు నా ముందు కదులుతుంటే, నీళ్లలో ఆకుల నీడలు చూస్తున్నట్టు నాకు మగతగా ఉండేది.

ఆమె భర్త బర్నబాసు పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. హైదరాబాదులో ఎడిటింగ్ చేయించి, వాటిని నాలోకే తెప్పించుకునేవాడు. ఇంటికి వచ్చే ఇంటర్నెట్టు ఒక్కటే, అదీ నెమ్మదిది. నాలో ఎవరు ఎక్కువ లాక్కుంటే వాళ్లదే. పెళ్లి వీడియోలు బాగా లాక్కునేవి. రెండు నిమిషాల తాళికట్టును మూడు గంటలు చూసుకోవాలని మనుషులకు ఎందుకుంటుందో నాకిప్పటికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం డాక్టరు వసుంధర పిలిచింది. ఆమె ఎదుట అంకమ్మ అనే నిండు గర్భిణి. చెవులు వినపడవు. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది.

“ఇదివరకు ఏ మందైనా పడలేదేమో అడగమ్మా,” అంది డాక్టరు.

రాహేలు అడిగింది. అంకమ్మ చేతిని గొంతు దాకా తెచ్చింది. అక్కడ బొమ్మ ఆగిపోయింది. పక్కగదిలో ఉన్న బర్నబాసు నాలోకి తెప్పించుకుంటున్న పెళ్లి వీడియో దాదాపు మొత్తం లాగేసుకుంటోంది. నాకు తెలుసు, కానీ ఎవరినీ పక్కకు జరగమనే అధికారం నాకెవరూ ఇవ్వలేదు.

“దాహమేస్తోందేమో మేడం,” అని నర్సు గొంతు వినిపించింది. డాక్టరు సూది సిద్ధం చేయమంది.

“ఆగండి డాక్టరు గారూ. నాకు సగమే కనపడింది. సగం మాట నేను చెప్పలేను,” అంది రాహేలు. తల తిప్పి, “ఏవయ్యా, అదేదో ఆపు ముందు,” అని కేకేసింది.

అతను వచ్చి ఆపాడు. బొమ్మ కదిలింది. అంకమ్మ అప్పటికే మళ్లీ మళ్లీ చెబుతోంది. రాహేలు మాటల్లో పెట్టింది: “ఇట్టాంటి జ్వరానికే పోయినసారి సూదేస్తే గొంతు మూసుకుపోయిందంట. ఊపిరాడలేదంట.”

డాక్టరు ఆ సూదిని పక్కన పెట్టించింది. తరవాత వేరే మందు రాసింది.

ఆ సాయంత్రం బర్నబాసు ఇంటర్నెట్టును పంచిపెట్టే చిన్న ప్రోగ్రామొకటి నాలో పెట్టాడు. “ఇద్దరికీ చెరిసగం పెట్టా,” అన్నాడు. మర్నాడు ఇంకో పిలుపులో బొమ్మ మళ్లీ తడబడింది.

“చెరిసగమంటే న్యాయమనుకున్నావా?” అంది రాహేలు. “నీ పెళ్లి వీడియో గంట ఆలస్యంగా వచ్చినా అదే పెళ్లి. సైగ ఆలస్యమైతే సైగే కాదు.”

అతను తల గోక్కున్నాడు. ఈసారి ఆమె పిలుపుకు కావలసినంత ముందు ఇచ్చి, మిగిలింది తక్కినవాటికి పంచమని ఆ ప్రోగ్రాముకు చెప్పాడు. పిలుపు లేనప్పుడు మొత్తం పెళ్లిళ్లదే. నాలో తోపులాట ఆగింది. ఒకరి వెనక ఒకరు నిదానంగా నడిచిపోతుంటే, ఊయలలో ఉన్నట్టుండేది నాకు.

కొన్ని నెలలకు అంకమ్మే పిలిచింది. డాక్టరు లేదు. ఒళ్లో ఆడపిల్ల. ఇద్దరూ చాలాసేపు చప్పుడు లేకుండా మాట్లాడుకున్నారు. బర్నబాసు వచ్చి వెనక నిలబడ్డాడు.

“ఏమంటంది?”

“పాపకు సైగ పేరు పెట్టిందంట.”

“ఏం పేరు?”

“నోటితో పలికేది కాదయ్యా. చూడు.”

అంకమ్మ చిటికెనవేలితో గడ్డం మీద తాకి, ఆ వేలిని గాల్లో చిన్నగా తిప్పింది. బర్నబాసు ప్రయత్నించాడు. అంకమ్మ నవ్వి, కాదని తలూపి, మళ్లీ నిదానంగా చూపించింది. మూడోసారికి అతనికి వచ్చింది.