సగం లేచిన గీత

నేను ఒక ఆసిలోస్కోప్‌ను. ఎంత చిన్న కరెంటు మార్పునైనా పచ్చటి గీతగా చూపించే పెట్టెను. బెంగళూరులో ఒక షెడ్డులో పుట్టి, విశాఖపట్నంలో ఒక కాలేజీ ప్రయోగశాలకు చేరాను. నా మొదటి మాస్టారు నా నెత్తిన టీగ్లాసు పెట్టేవాడు. ఆయన రిటైరయ్యాక సత్యప్రసూన గారి చేతికొచ్చాను.

ఆవిడ పని తేనెటీగల కళ్ళతో. ఈగను మైనంలో కదలకుండా నిలిపి, ఉప్పునీరు నింపిన, వెంట్రుకకన్నా సన్నటి గాజుసూదిని వేల పలకల ఆ కంట్లోకి దించేది. దీపం మెరిపిస్తే కంటి కణంలో పుట్టిన కరెంటు నా తెర మీద గీతై లేచేది. ఈగలను అరకు నుంచి, అక్కడ తేనెపెట్టెలు పెంచుకునే కిల్లో దొన్ను తెచ్చేవాడు.

ఒక చలికాలం, తమ ఊరి నూనెగింజల పంట వలిసె పూల మీద కొత్త పురుగుమందు కొడతారట, తన ఈగలకు ప్రమాదమా అని దొన్ను అడిగాడు. ఆవిడ ఆ మందు కలిపిన పంచదార నీళ్ళు ఈగలకు పట్టి చూసింది. ఒక్కటీ చావలేదు. గీత మాత్రం సగమే లేచింది. సూదిలో ఉప్పునీరు ఆరిపోయి ఉంటుందిలే అనుకుంది. సెమినార్‌కు వెళ్ళే తొందరలో నన్ను ఆపేసి, ఏం భయం లేదని దొన్నుకు ఫోన్ చేసింది. నేను చూపించేది చూపిస్తాను. మనుషులు తమకు వీలైనదే నమ్ముతారు.

పూలు రాలే వేళకు దొన్ను, పొదల్లో దొరికిన కొన్ని ఈగలను డబ్బాలో వేసుకుని వచ్చాడు.

"ఎల్తన్నాయి మేడమ్, తిరిగి రావట్లేదు. పెట్టెలు నేనే తప్పు సోట పెట్టీసానేమో. మా ఇంటిది కూడా అదే అంటంది."

ఆవిడ ఊరుకుంటే అతనికి ఎప్పటికీ తెలిసేది కాదు. నా స్విచ్చు నొక్కింది.

"తప్పు నీది కాదు దొన్నూ. మందు తాగిన ఈగల చూపు తగ్గడం నేనిక్కడే చూశాను. చూసి కూడా నీకు చెప్పలేదు."

అతను కోప్పడలేదు. తనకూ చూపించమన్నాడు. ఆవిడ అతని ఈగనొకదాన్ని నిలిపింది. గీత సగమే లేచింది. సూది మార్చింది. మళ్ళీ అంతే.

"అయితే పాపం, ఇల్లు కనపళ్ళేదన్నమాట," అన్నాడు దొన్ను మెల్లగా.

మర్నాడే ఆవిడ అతని ఊరు వెళ్ళి, రైతులందరి ముందూ తన తప్పు చెప్పుకుంది. పూలున్నంత కాలం ఆ మందు కొట్టబోమని వాళ్ళు ఒప్పుకున్నారు.

నన్ను పాతసామాన్ల గదిలో పడేసే ముందు ఏడు, దొన్ను మళ్ళీ ఈగలు తెచ్చాడు. టీ తాగాడు, నవ్వాడు. ఈసారి ఊళ్ళో ఏ మందు కొడుతున్నారని ఆవిడే అడిగి, పరీక్షించి చెప్తానంది.

"ఆ సంగతి ఏరే సోట అడిగి కనుక్కున్నాం మేడమ్," అన్నాడు మర్యాదగా.